నాన్నగారి పేపర్ ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. అమ్మా నాన్నా ఊళ్లోనే ఉంటారు. నాన్నగారికి 78 ఏళ్లు, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంటికి పేపర్ వస్తూనే ఉంది. పోయిన వారం ఏజెంటు వచ్చి, "మాస్టారూ, మీ వీధిలో మూడిళ్లే మిగిలాయండి. కుర్రాడు దొరకట్లేదండి. వచ్చే నెల నుంచి సెంటర్లో కొట్టు దగ్గర పెడతాను, తెప్పించుకోండి" అన్నారట. సెంటర్ మా ఇంటికి కిలోమీటరున్నర. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అట్లాంటాలో ఉన్న తమ్ముడు, "ఇక్కడ మా ఊరి పేపరే అచ్చు ఆపేసింది, ఇంకా ఈ పేపర్ గొడవేంటి" అని ఒక ట్యాబ్ పంపించాడు. అందులో ఈ-పేపర్ పెట్టిచ్చాం. నాన్నగారు రెండు రోజులు చూసి పక్కన పెట్టేశారు. అడిగితే కళ్లు లాగుతున్నాయంటారు. తమ్ముడు అది మొండితనం అంటాడు. నాకలా అనిపించదు. పోయినేడు మా పక్క పొలం అమ్మకం గురించి పేపర్లో వచ్చిన ప్రకటన చూసి, సరిహద్దు తేడాను పట్టుకుంది ఆయనే. పేపర్ ఆగిపోతే ఆగిపోనివ్వాలా, ఎలాగైనా తెప్పించాలా? తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక కూతురు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో తమ్ముడి వాదన ఉంది, నాన్నగారి అవస్థ ఉంది, మీ దిగులూ ఉంది. వీటన్నిటికంటే నాకు పనికొచ్చిన మాట ఏజెంటు గారిది. "మీ వీధిలో మూడిళ్లే మిగిలాయండి" అన్నారు చూశారా, చిక్కు అక్కడుంది. దారి కూడా అక్కడే వెతకాలి. పేపర్ ఒక ఇంటి కోసం రాదు, వీధి కోసం వస్తుంది. నాన్నగారు డబ్బు కడుతున్నారు కాబట్టి పేపర్ వస్తోందని మీరంతా అనుకున్నారు. ఇన్నేళ్లూ పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ వేయించుకోబట్టి ఆయనకూ వచ్చింది. వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఆయన మానలేదు, అయినా ఆగిపోతోంది.

ఏజెంటు గారి మీద కోపం పెట్టుకోకండి. ఆయన లెక్క ఒకసారి చూడండి. మీ నాన్నగారు లెక్కల మాస్టారు, ఆయనకైతే ఇట్టే తెలిసిపోతుంది. పేపర్ మీద ఏజెంటుకి వచ్చేది కమీషన్. అది పత్రికను బట్టి, ఊరిని బట్టి మారుతుంది. కాపీకి 2 రూపాయలు మిగులుతుందనుకుందాం. మూడిళ్లకు రోజుకి 6 రూపాయలు. సెంటర్ నుంచి మీ ఇంటికి రానూ పోనూ 3 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 100 రూపాయలు దాటి ఏళ్లయింది. బండి లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చినా ఆ 3 కిలోమీటర్లకు 6 రూపాయల పైనే అవుతుంది. అంటే వచ్చింది వచ్చినట్టు పెట్రోలుకే సరి. ఇక కుర్రాడికి ఏమివ్వాలి? నాలుగింటికి లేచినందుకు ఆయనకేం మిగలాలి? అదే వీధిలో 25 ఇళ్లున్నప్పుడు రోజుకి 50 రూపాయలు వచ్చేవి, దూరం మాత్రం అదే. ఒక ఇల్లు మానేసినప్పుడు ఆ ఇంటికి నెలకి రెండు మూడు వందలు మిగులుతుంది. దాని బరువు మిగతా ఇళ్ల మీద పడుతుందని ఎవరికీ తట్టదు. మానేసేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లకు ఆ లెక్క కనిపించదు, అంతే.

నేను కొన్నేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. అక్కడ అందరం గడియారానికి భయపడి బతికేవాళ్లం. దూరపు ఊళ్లకు వెళ్లే ఎడిషన్ ముందు అచ్చు కావాలి, టౌన్‌ది ఆఖర్న. అందుకే రాత్రి మ్యాచ్ స్కోరు టౌన్ పేపర్లో పూర్తిగా ఉంటుంది, పల్లె పేపర్లో సగంలో ఆగిపోయి ఉంటుంది. అచ్చయిన కాపీలను కట్టలు కట్టి, ఒక్కో కట్ట మీద ఊరి పేరు, కాపీల సంఖ్య వేసిన చీటీ పెట్టి వ్యాన్లలో సర్దుతారు. ఆఖరి బస్సు తప్పిపోయి పేపర్ వ్యాన్ ఎక్కి ఊరు చేరినవాళ్లు మన జిల్లాల్లో బోలెడుమంది. మూడున్నరకో నాలుగింటికో సెంటర్లో కట్ట పడుతుంది. మూసి ఉన్న కొట్టు అరుగు మీద ఏజెంటు కట్ట విప్పి, కాపీలు లెక్కచూసుకుని, అనుబంధాలు లోపల పెట్టి, బట్టల షాపు వాళ్లూ కోచింగ్ సెంటర్ వాళ్లూ ఇచ్చిన పాంప్లెట్లు దూర్చి, లైన్ల వారీగా, అంటే ఒక్కో కుర్రాడు వేసే ఇళ్ల వరస ప్రకారం, దొంతర్లు పేరుస్తారు. ఏ ఇంటికి ఏ పేపరో, ఎవరు ఊరెళ్లారో, ఎవరింట్లో కుక్క ఉందో అంతా ఆయన బుర్రలోనే ఉంటుంది, కాగితం చూడరు. అచ్చు నుంచి సెంటర్ దాకా అంతా కంపెనీ ఏర్పాటు. అక్కడి నుంచి మీ గేటు దాకా మాత్రం ఏజెంటు సొంత పూచీ. డిపాజిట్ కట్టేది ఆయనే, నెల తిరిగేసరికి కంపెనీకి బిల్లు కట్టేది ఆయనే. ఇళ్లవాళ్లు "రేపు రా" అంటే ఆ రేపటి భారం కూడా ఆయనదే.

పొద్దున్నే గుమ్మంలో పేపర్ అనేది మనకు ఎప్పటి నుంచో ఉన్నది కాదు. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే మొదలైంది. అక్కడ అచ్చయినవి రైళ్లూ బస్సులూ పట్టుకుని మన ఊళ్లకు చేరేసరికి పొద్దెక్కిపోయేది, చాలా పల్లెలకు మర్నాటికే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక, చదివేవాళ్ల దగ్గర్లోనే అచ్చువేసి తెల్లవారకముందే ఇంటికి చేర్చడం అనేది పట్టింపుగా మారింది. మీ నాన్నగారు అప్పటికి పాతికేళ్ల వయసులో ఉంటారు. 1989లో ఈనాడు జిల్లా సంచికలు తెచ్చింది. మీ మండలంలో కాలువకు గండి పడినా, మీ హైస్కూల్లో పిల్లకు ఫస్టు మార్కులొచ్చినా పేపర్లో పడే రోజులు అక్కడి నుంచి మొదలయ్యాయి. ఇతర పత్రికలూ అదే దారి పట్టాయి. 2008లో సాక్షి వచ్చేనాటికి జిల్లా పేజీలు లేని తెలుగు దినపత్రికను ఊహించడమే కష్టం. దేశంలో మిగతా భాషల వాళ్లు మన జిల్లా సంచికలను వచ్చి చూసి వెళ్లేవారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

మరి ఇది ఎక్కడ దెబ్బతింది? అందరూ సెల్‌ఫోన్ పేరు చెబుతారు. అది నిజమే కానీ నా లెక్కలో రెండు మూడు వేరే సంగతులున్నాయి. మొదటిది కుర్రాళ్లు. ఒకప్పుడు పేపర్ లైన్ వేసింది ఇంటర్ చదివే పిల్లలు. పొద్దున్న రెండు గంటలు సైకిల్ తొక్కితే నెలకి ఫీజు డబ్బులు, పుస్తకాల డబ్బులు వచ్చేవి. ఇవాళ ఆ వయసు పిల్లలు ఎక్కడున్నారు? టెన్త్ అవ్వగానే, కొందరు ఆరో తరగతి నుంచే, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్నారు. ఊళ్లో సైకిల్ తొక్కే కుర్రాడే లేడు. టౌన్లలో ఉన్న కుర్రాళ్లకు ఫుడ్ డెలివరీ యాప్‌లున్నాయి, ఏ పూట పని ఆ పూటకి డబ్బు. నాలుగింటికి లేచే పనికి ఎవరొస్తారు?

రెండోది 2020 మార్చి. లాక్‌డౌన్‌లో కాగితం ముట్టుకుంటే వైరస్ వస్తుందని జనం భయపడ్డారు. అపార్టుమెంట్ల వాళ్లు పేపర్ బాయ్‌ని గేటు దగ్గరే ఆపేశారు. ముంబయిలో కొన్ని రోజులు పేపర్ల పంపిణీ పూర్తిగా ఆగిపోయింది. భయం పోయాక కొందరు తిరిగి వేయించుకున్నారు, చాలామంది వేయించుకోలేదు. ఏళ్ల తరబడి ఉన్న అలవాటు కొన్ని నెలల్లో పోయింది. అదే సమయంలో ప్రకటనలు ఆగిపోయి పత్రికలు పేజీలు తగ్గించాయి. చేతిలో విడిగా పట్టుకుని చదివే జిల్లా సంచికను చాలా పత్రికలు అసలు పేపర్లో కలిపేశాయి. పాఠకులకు అది పెద్ద నష్టం. ఇంట్లో ఒకరు మెయిన్, ఇంకొకరు జిల్లా పేపర్ పంచుకుని చదివేవాళ్లు కదా, ఆ వీలు పోయింది.

మూడోది కాగితం ధర. న్యూస్‌ప్రింట్‌లో పెద్ద భాగం బయటి దేశాల నుంచి రావాలి. 2019 బడ్జెట్‌లో దాని మీద 10 శాతం దిగుమతి సుంకం వేశారు, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా కాగితం రావడం కష్టమై ధర మళ్లీ పెరిగింది. మీరు కట్టే డబ్బులకు పేపర్ అచ్చు ఖర్చు కూడా పూర్తిగా రాదు, మిగతాది ప్రకటనలే మోయాలి. ఆ ప్రకటనలేమో ఫోన్లలోకి వెళ్లిపోతున్నాయి.

ఇక మీ తమ్ముడి మాట. అతను చెప్పింది నిజం. అట్లాంటా జర్నల్-కాన్‌స్టిట్యూషన్ 1868 నాటి నుంచి నడుస్తున్న పత్రిక, 2025 డిసెంబరు 31తో అచ్చు సంచిక ఆపేసింది. కానీ అది మూతపడలేదు, విలేకరులను పెట్టుకుని ఆన్‌లైన్‌లో నడుస్తోంది. అమెరికాలోనే ఎన్నో చిన్న ఊళ్ల పత్రికలు ఇంటికి వేసే మనుషులు దొరక్క, మానేయకుండా పోస్టుకు మారాయి. అంటే ఇంటికి చేర్చే దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కున్నాయి. మీరు కూడా వెతకాల్సింది అదే. పైగా అట్లాంటాలో ఉద్యోగం చేసుకునే మనిషికి, తణుకు పక్క పల్లెలో మోకాళ్ల నొప్పులతో ఇంట్లో ఉండే 78 ఏళ్ల మనిషికి పేపర్ చేసే పని ఒకటే కాదు.

ఆ ట్యాబ్‌ను నాన్నగారు ఎందుకు పక్కన పెట్టారో కాస్త దగ్గరగా కూర్చుని చూశారా? ఈ-పేపర్ తెరవగానే పేజీ మొత్తం కనిపిస్తుంది, అక్షరం మాత్రం చీమంత. రెండు వేళ్లతో పెద్దది చేస్తే కాలమ్ సగం తెర బయటికి పోతుంది. చదువుతూ కిందికి జరపబోతే వేలు వణికి పేజీయే మారిపోతుంది. మళ్లీ వెనక్కి రావాలి, మళ్లీ పెద్దది చేయాలి. వార్త చివర "తరువాయి 6లో" అని ఉంటుంది. కాగితమైతే బొటనవేలు అడ్డంపెట్టి ఆరో పేజీ తిప్పి చదివి వెనక్కి వచ్చేస్తారు. ట్యాబ్‌లో ఆరో పేజీ వెతికి, ఆ ముక్క ఎక్కడుందో పట్టుకునేసరికి మొదటి ముక్కలో ఏం చదివారో మరచిపోతారు. ఈ మధ్యలో లాగిన్ గడువు అయిపోయిందని పాస్‌వర్డ్ అడుగుతుంది. దీన్ని మొండితనం అనడం న్యాయం కాదు. "కళ్లు లాగుతున్నాయి" అన్నది కూడా సాకు అనుకోకండి. ఆయన కళ్లజోడు పేపర్ పట్టుకునే దూరానికి అలవాటైనది, ట్యాబ్ ఒళ్లో పెట్టుకునే దూరం వేరు. శుక్లాలు ఎంతవరకు వచ్చాయో కూడా ఒకసారి చూపించండి. పేపర్ వచ్చినా రాకపోయినా ఇది చేయాల్సిన పనే.

మీరు రాసిన పొలం ప్రకటన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. చాలామందికి తెలియని విషయం ఇది. చదివేవాళ్లు తగ్గినా, చట్టం దృష్టిలో ఇప్పటికీ పేపర్లో పడితే జనానికి చెప్పినట్టే. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి. బ్యాంకులు తాకట్టు ఆస్తిని వేలం వేసేటప్పుడూ రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒకటి స్థానిక భాషలో. పొలం కొనేవాళ్లు లాయర్ ద్వారా "అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లోగా తెలపండి" అని వేసే ప్రకటనలు కూడా అక్కడే పడతాయి. వాట్సాప్‌లో అవి రావు. ఎవరో ఫొటో తీసి పంపితే తప్ప ఫోన్‌లో మన కంట పడవు. మీరూ తమ్ముడూ ఊళ్లో లేరు. మీ పొలం చుట్టూ ఏం జరుగుతోందో చూసే కళ్లు మీ ఇంట్లో నాన్నగారివే. ఆ పొలం సంగతి తమ్ముడికి గుర్తు చేయండి, మీ ఇద్దరి ఆస్తి కదా.

కాబట్టి నా మాట: పేపర్ ఆగిపోనివ్వకండి. నెట్టుకొచ్చినన్నాళ్లు నెట్టుకురండి. ట్యాబ్‌ను కూడా వదిలేయకండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక శని, ఆదివారం చూసుకుని ఊరెళ్లండి. ఫోన్లో ఈ పని కాదు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంతకుముందు మీ వీధిలో ఎవరెవరు పేపర్ వేయించుకునేవారో ఆయన్నే చెప్పమనండి, రాసుకోండి. మీకు పేర్లన్నీ వస్తాయి. తర్వాత ఆ ఇళ్లకు వెళ్లండి. "మళ్లీ పేపర్ వేయించుకోండి" అని ఊరికే అడిగితే "ఫోన్లో చూస్తున్నాం కదమ్మా" అంటారు. ఆ లెక్క చెప్పండి: ఇంకో ఐదారిళ్లు కలిస్తే లైన్ నిలబడుతుందని, లేకపోతే మాస్టారికి పేపర్ ఆగిపోతుందని. ఇన్నేళ్లు ఆ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కోసం కొందరైనా ఒప్పుకుంటారని నా నమ్మకం. ఊరికే మొహమాటం మీద నిలబడే పని కూడా కాదిది. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివే పిల్లలున్న ఇంటికి పేపర్ కావాలి. వాళ్లకు వర్తమాన వ్యవహారాలు కాగితం మీద గీతలు గీసుకుంటూ చదివితేనే నిలుస్తాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో తెలుగు చదవడం అలవాటు చేయడానికి కావాలి, ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలకు రోజూ కంటికి తగిలే తెలుగు అచ్చు ఇంకేముంది? ఎదురెదురు రెండిళ్లు కలిసి ఒక పేపర్ వేయించుకున్నా లైన్‌కి లాభమే. ఒక ఇంటికి ఒక పత్రిక ఇష్టం, ఇంకో ఇంటికి ఇంకోటి ఇష్టం. పల్లెల్లో చాలాచోట్ల అన్ని పేపర్లూ ఒకే ఏజెంటు వేస్తారు కాబట్టి అదీ ఇబ్బంది కాదు.

ఎవరూ కలవలేదే అనుకోండి. అప్పుడు ఉన్న మూడిళ్లవాళ్లూ మాట్లాడుకుని ఏజెంటు గారికి డెలివరీ చార్జీ ఇస్తామనండి. పేపర్ బిల్లు కాక ఇంటికి నెలకి 100 రూపాయలు అనుకుంటే మూడిళ్లకు 300, రోజుకి 10. కమీషన్ 6, ఇది 10. ఇప్పుడు పెట్రోలు పోగా ఎంతో కొంత ఆయన చేతిలో పడుతుంది. ఆ 100 తమ్ముడిని ఇవ్వమనండి, ట్యాబ్ కొన్న డబ్బుతో ఏళ్ల తరబడి ఇవ్వొచ్చు. బిల్లు కూడా ఆయన తలుపు కొట్టేదాకా ఆగకుండా ఒకటో తేదీకల్లా ఫోన్‌పే చేసేయండి, వీలైతే మూడు నెలలది ముందే. ఏజెంట్లకు ఇంటింటికీ తిరిగి వసూలు చేసుకోవడం పేపర్ వేయడం కంటే పెద్ద పని. ఆ బెడద లేని ఇల్లంటే వాళ్లకు ఎంతో ఇష్టం. బేరం మాత్రం ఆడకండి. ఆయన ఇన్నేళ్లు వానలో తడిసి మీ పేపర్ తడవకుండా కవర్లో పెట్టి వేశారు.

అదీ కుదరదంటే, పొద్దున్నే ఎలాగూ సెంటర్‌కి వెళ్లి వచ్చేవాళ్లెవరో చూడండి. మీది పాడి ఉండే ఊరు. మీ వీధి నుంచి ఎవరో ఒకరు రోజూ పాల కేంద్రానికి వెళ్లి పాలు పోసి వస్తారు. ఆ మనిషికి నెలకి కొంత ఇచ్చి, కొట్టు దగ్గర మూడు పేపర్లు తీసుకుని దారిలో వేయమంటే కాదనరు. ఐదున్నరకు వచ్చే పేపర్ ఏడింటికి వస్తుంది. నాన్నగారికి ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే గంటన్నర గేటు వైపే చూస్తుంటారు. స్కూలు ఆటో, పాల ప్యాకెట్లు తెచ్చే కుర్రాడు, ఏదైనా సరే. పోస్టులో తెప్పించుకునే దారి కూడా ఉంది కానీ దాన్ని ఆఖర్న పెట్టుకోండి. పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి మధ్యాహ్నమైనా అవుతుంది, ఆదివారం అనుబంధం సోమవారానికి గానీ రాదు.

ఇంకోటి. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని కడుతున్నారు, తెలంగాణలోనూ అంతే. మీకు దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడికి దినపత్రికలు వస్తున్నాయో లేదో కనుక్కోండి. రాకపోతే అడగండి, అది మన డబ్బే. మోకాళ్ల నొప్పులతో నాన్నగారు రోజూ వెళ్లలేరు, నాకు తెలుసు. కానీ వారానికోసారి ఆటోలో వెళ్లి వేరే పత్రికలు తిరగేసి వస్తే ఆయనకు బాగుంటుంది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన చరిత్ర మనది. పాతూరి నాగభూషణం గారి పూనిక అది. చదివేవాళ్లు గ్రంథాలయం దాకా రాలేకపోతే గ్రంథాలయమే వాళ్ల రేవుకి వెళ్లింది. రోడ్డే సరిగా లేని రోజుల్లో చేయగలిగిన పనిని ఇవాళ ఊరూరా రోడ్డుండి చేయలేమంటే నేనొప్పుకోను.

ఇప్పుడు ట్యాబ్. మీకు అబద్ధం చెప్పను, మీ వీధికి పేపర్ ఇంకా ఎన్నేళ్లు వస్తుందో ఏజెంటు గారి చేతిలో కూడా లేదు. ఆయనకూ వయసు మీద పడుతుంది, ఆయన కొడుకు ఈ పనిలోకి రాడు. కాబట్టి నాన్నగారికి ట్యాబ్ కొద్దికొద్దిగా అలవాటు చేయండి, పేపర్ ఆపేసి మాత్రం కాదు. పేపర్ చేతిలో ఉండగానే నేర్చుకుంటే భయం ఉండదు. చాలా ఈ-పేపర్లలో వార్త మీద వేలు పెడితే ఆ ఒక్క వార్తే విడిగా తెరుచుకుంటుంది, పేజీ లాగక్కర్లేదు. ముందు అది చూపించండి. టేబుల్ మీద నిలబడే స్టాండ్ ఒకటి కొనండి, చేతిలో పట్టుకుంటే బరువుకే వణుకు ఎక్కువవుతుంది. హోమ్ స్క్రీన్ మీద ఆయన జిల్లా సంచిక తప్ప ఇంకేమీ ఉంచకండి. జిల్లా మాత్రం సరిచూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోకుండా నొక్కితే వేరే ఊళ్ల వార్తలు వచ్చి ఆయనకు చిరాకేస్తుంది. చందా అడిగే పత్రికైతే చందా కట్టండి. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే తిరిగే పీడీఎఫ్‌లు పంపకండి. మీ మండలం వార్త రాసిన విలేకరికి అందులో పైసా వెళ్లదు, ఇప్పటికే ఆ కుర్రాళ్లు అంతంత మాత్రం డబ్బుకు పనిచేస్తున్నారు.

వాట్సాప్ గురించి ఇంకో హెచ్చరిక. పేపర్ ఆగిపోయిన ఇంట్లో ఆ ఖాళీని ట్యాబ్ కంటే ముందు ఫోన్ ఆక్రమిస్తుంది. ఎన్నికలప్పుడు పత్రికల పేరు, అదే అక్షరాలు, అదే రంగులు పెట్టి దొంగ క్లిప్పింగులు తయారుచేసి వదులుతున్నారు. అచ్చులో పడితే నిజమని నమ్మే తరం మీ నాన్నగారిది, ఆ నమ్మకాన్నే వాడుకుంటున్నారు. అలాంటిదేదైనా వస్తే ఆ రోజు పేపర్లో ఉందో లేదో చూసుకోమని చెప్పండి. చేతిలో అసలు పేపర్ ఉంటే అది నిమిషం పని.

మీరూ తమ్ముడూ కూడా అదే జిల్లా సంచిక ఫోన్లో తెరిచి రోజూ ఓ పది నిమిషాలు చూడండి. సాయంత్రం నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు "భోంచేశారా, మందులు వేసుకున్నారా" తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతుంటాం కదా. ఎర్రకాలువ వార్త చూశారా, ధాన్యం డబ్బులు పడ్డాయా అని అడిగి చూడండి, ఆయన ఎంతసేపు మాట్లాడతారో.

ఈ పనంతా ఈ నెలాఖరులోపే చేయండి. ఏ సెంటర్‌కి ఎన్ని కాపీలు కావాలో ఏజెంటు ముందుగా చెప్పుకుంటారు. వచ్చే నెలకు మీ వీధి కాపీలు కొట్టు లెక్కలో రాసేశాక, ఆ లైన్‌కి పెట్టిన కుర్రాడినో బండినో మళ్లీ తిప్పించడం కష్టం. ఏజెంటు గారితో మాట్లాడేటప్పుడు మీరు కాకుండా నాన్నగారిని మాట్లాడనివ్వండి, మిగతా రెండిళ్లవాళ్లూ పక్కన ఉంటే చాలు. ఎంతమంది కలిశారో, ఆయన ఏమన్నారో మళ్లీ రాయండి. పాల కేంద్రం ఏర్పాటు కుదిరితే అది కూడా వివరంగా రాయండి, ఇలాంటి ఉత్తరాలు నాకు ఇంకా వస్తున్నాయి, వాళ్లకు చెప్పాలి.